పకార బకారముల పొలిమేర

భాషలు నేర్పు తరగతిలో వ్రాతతప్పునకును పలుకుతప్పునకును ఒక భేదమున్నది. వ్రాతతప్పు ఉపాధ్యాయుని ఎర్రసిరాతో దిద్దబడి ఆ పుటలోనే నిలిచిపోవును. పలుకుతప్పు తరగతియంతయు వినునట్టిది. దానికి తొలుత లభించునది దిద్దుబాటు కాదు, నవ్వు. 'ధనము' అనవలసినచోట 'దనము' అన్న బాలుడును, గుండుసూదికి ఇంగ్లీషున 'పిన్' అని పలుకబోగా వినువారికి 'బిన్' అని తోపించిన బాలికయు ఒకే తీరున తలవంచుకొందురు. అది అశ్రద్ధ అని కొందరు, నాలుక తిరుగని మొద్దుతనమని కొందరు, ఇంటివారి భాష మంచిది కాదని మరికొందరు తీర్పు చెప్పుదురు. ఇంతకును ఆ తప్పు ఎంతటిది? దానిని కొలుచుట సాధ్యమా? కొలిచినచో ఆ తీర్పులు నిలుచునా? ధ్వనిశాస్త్రము ఈ ప్రశ్నలకు ఆరు దశాబ్దముల క్రిందటనే సమాధానము చెప్పినది. ఆ సమాధానము పాఠశాల గడప దాటి లోనికి రావలసి యున్నది.

పకారమును, బకారమును పుట్టుచోటు ఒక్కటే. రెంటికిని పెదవులు మూతపడవలెను. లోపల గాలి ఒత్తిడి పెరుగవలెను. పిమ్మట పెదవులు విడివడి ఆ గాలి వెలికి రావలెను. భేదమంతయు గొంతులో నున్నది. అచట గల నాదతంతువులు దగ్గరపడి కంపించినపుడు నాదము పుట్టును. అవి విడివడి యున్నపుడు వట్టి శ్వాస మాత్రమే వెలువడును. గొంతుపై వ్రేళ్లుంచి 'అబ్బ' అని ఒకసారి, 'అప్ప' అని ఒకసారి పలికి చూచిన ఏ విద్యార్థికైనను ఈ భేదము తెలియును. మొదటి మాటలో పెదవులు మూతపడి యున్నప్పుడును కంపము సాగును. రెండవదానిలో అది నిలిచిపోవును.

ఈ సంగతి భారతీయులకు క్రొత్త కాదు. కంఠము సంవృతమైనపుడు నాదమును, వివృతమైనపుడు శ్వాసయు పుట్టుననియు, రెంటికిని నడిమి స్థితిలో హకారము పుట్టుననియు తైత్తిరీయ ప్రాతిశాఖ్యము చెప్పుచున్నది. ఐరోపా ధ్వనిశాస్త్రమునకు ఈ విషయమున స్పష్టత చేకూరుటలో భారతీయ గ్రంథముల ప్రభావము ఎంతటిదో డబ్ల్యు. ఎస్. ఆలెన్ 1953 లో ప్రకటించిన గ్రంథమున వివరించెను. పలకపట్టిన పిల్లవాడు వల్లించు 'క ఖ గ ఘ' అను వరుసలోనే ఆ శాస్త్రమంతయు ఇమిడి యున్నది. నాదము కలదా లేదా, ఊపిరి విసురు కలదా లేదా అను రెండు ప్రశ్నలు వేసినచో వచ్చు నాలుగు సమాధానములే ఆ నాలుగక్షరములు. తెలుగు వ్యాకర్తలు క చ ట త పలను పరుషములనియు, గ జ డ ద బలను సరళములనియు పేర్కొనుటలోనూ ఆ మొదటి ప్రశ్నయే కలదు.

ప్రాచీనులు వర్గీకరించిరి, కాని కొలువలేదు. నాదము ఎప్పుడు ప్రారంభమగును, ఎంత ముందు, ఎంత వెనుక అను ప్రశ్నకు చెవి సమాధానము చెప్పజాలదు. ఆ కాలభేదము సెకనులో వెయ్యవ వంతులతో కొలువదగినది. 1940-50 దశకమున అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో ధ్వనిని చిత్రముగా మార్చు యంత్రము రూపొందిన పిమ్మటనే ఆ కొలత సాధ్యమయ్యెను. కాగితముపై పెదవులు విడిన క్షణము ఒక నిలువు గీతగాను, నాదతంతువుల కంపము దగ్గర దగ్గర గీతల వరుసగాను కనిపించును. ఆ రెంటి నడుమ దూరమును కొలుచుటయే పని.

ఈ పనిని పలు భాషలయందు ఒకే పద్ధతితో చేసిన వారు న్యూయార్కు నందలి హాస్కిన్స్ ప్రయోగశాలకు చెందిన లీ లిస్కర్, ఆర్థర్ ఎబ్రామ్సన్ అను ఇరువురు పండితులు. వారి వ్యాసము 1964 లో 'వర్డ్' అను పత్రికలో వెలువడెను. వీరిలో లిస్కర్ తెలుగువారికి పరాయివాడు కాడు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున ద్రావిడ భాషలను బోధించిన ఆయన, అంతకు ముందటి సంవత్సరముననే విదేశీయులు వ్యావహారిక తెలుగును నేర్చుకొనుటకై ఒక పాఠ్యగ్రంథమును ప్రకటించియుండెను. వీరు కనుగొన్న సాధనము మిక్కిలి సులభమైనది. పెదవులుగాని నాలుకగాని విడిన క్షణమును సున్నగా గ్రహింపవలెను. నాదము అంతకుముందే మొదలైనచో ఆ కాలమును ఋణసంఖ్యగాను, తరువాత మొదలైనచో ధనసంఖ్యగాను వ్రాయవలెను. దీనిని నాదారంభకాలము అనవచ్చును. సెకనులో వెయ్యవ వంతు, అనగా మిల్లీసెకను, దీనికి ప్రమాణము.

వారు పరిశీలించిన భాషలు పదునొకండు. పదాదిని రెండు తెగల స్పర్శములు గల అమెరికను ఇంగ్లీషు, కాంటనీసు, డచ్చి, హంగేరియను, పోర్టోరికో స్పానిషు, తమిళము. మూడు తెగలు గల కొరియను, తూర్పు ఆర్మీనియను, థాయి. నాలుగు తెగలు గల హిందీ, మరాఠీ. ఒక్కొక్క భాషకు పలికినవారు కొద్దిమందియే. అయినను ఫలితములు ఒక చక్కని క్రమమును చూపినవి. భాషలన్నియు ఒకే కొలబద్దపై ముఖ్యముగా మూడు ప్రాంతములందు చేరినవి. మొదటిది విడుపునకు సుమారు 100 మిల్లీసెకనుల ముందు నాదము మొదలగునది. రెండవది విడుపుతోనో, 25 మిల్లీసెకనుల లోపుననో మొదలగునది. మూడవది 60 మొదలు 100 మిల్లీసెకనుల వరకు ఆలసించునది. ఈ మూడవదానియందు విడుపునకును నాదమునకును నడుమ ఊపిరి విసురు వినబడును. తెలుగు వ్యాకరణ పరిభాషలో మొదటిది సరళము, రెండవది పరుషము, మూడవది ఖ, ఠ, థ మొదలగు మహాప్రాణము.

థాయి భాష ఓష్ఠ్యములలో ఈ మూడు ప్రాంతములను చక్కగా వాడుకొనుచున్నది. దాని బకారము సగటున −97, పకారము 6, మహాప్రాణ ఫకారము 64. హిందీలో బకారము −85, పకారము 13, ఫకారము 70. స్పానిషు మొదటి రెండు ప్రాంతములతోనే తృప్తిపడినది: బకారము −138, పకారము 4. కాంటనీసునకు మొదటి ప్రాంతముతో పనిలేదు. దాని ఓష్ఠ్యములు 9, 77 అను అంకెలయొద్ద నున్నవి. ఇంగ్లీషు పదాది పకారము 58, తకారము 70, కకారము 80. లోతుగా పుట్టు కకారమునకు ఎక్కువ ఆలస్యమగుటకు ఒక కారణము చెప్పబడుచున్నది. దాని మూతకు వెనుక గల చోటు చిన్నది కావున, విడుపు తరువాత అచటి ఒత్తిడి తగ్గుటకు ఎక్కువ కాలము పట్టును.

ఇక ఇంగ్లీషు బకారము సంగతి. లోకమంతయు నాదము గలదని నమ్మిన ఆ అక్షరము, పదమును విడిగా పలికినపుడు, పెక్కుమంది నోట సగటున 1 మిల్లీసెకనుయొద్ద తేలినది. అనగా పెదవులు విడుచు క్షణముననే నాదము మొదలగుచున్నది. అదే కొలబద్దపై స్పానిషు పకారము 4 నొద్ద నున్నది. ఒకరి బకారమును, మరియొకరి పకారమును ఇంచుమించుగా ఒకే చోట నిలిచినవి! పొలము ఒక్కటే; గట్టు వేసినవారు వేరు.

తరగతిలో తలవంచుకొన్న బాలిక కథకు కీలకము ఇచటనే యున్నది. తెలుగు పకారము ఊపిరి విసురు లేనిది. హిందీ, స్పానిషు పకారములవలెనే అది నడిమి ప్రాంతమునకు చెందినది. ఆ పకారముతో ఆమె 'పిన్' అన్నపుడు, తన భాష ప్రకారము ఆమె పలికినది నిర్దుష్టమైన పకారమే. కాని ఇంగ్లీషువాని చెవి ఆ ప్రాంతమును బకారమునకు కేటాయించుకొన్నది. చాలినంత ఆలస్యమును, ఊపిరిని అచట కానక, అది 'బిన్' అని గ్రహించుట సహజము. నడుమ గల భేదము సుమారు 50 మిల్లీసెకనులు. రెప్పపాటు కంటెను తక్కువ. అశ్రద్ధ, మొద్దుతనము, సంస్కారలోపము అను పెద్ద పెద్ద నిందలకు ఆధారము ఈ స్వల్పకాలమే.

వార్తాపత్రికలు చదువువారికి మరియొక ఉదాహరణము సుపరిచితము. చైనా రాజధాని పేరు ఒకప్పుడు పెకింగు అని వ్రాయబడెను. ఇప్పుడు బీజింగు అని వ్రాయబడుచున్నది. ఆ పేరులోని మొదటి అక్షరము నాదము లేనిదియు, ఊపిరి విసురు లేనిదియు నగు ధ్వని; అనగా తెలుగు పకారమునకు మిక్కిలి దగ్గరిది. 1958 లో చైనా ప్రభుత్వము ఆమోదించిన రోమను లిపి పద్ధతి ఆ ధ్వనికి ఇంగ్లీషు బకారపు గుర్తును కేటాయించినది. మహాప్రాణమునకు పకారపు గుర్తును విడిచినది. ఆ గుర్తును తెలుగువారు తమ కన్నుతో చదివి 'బ' అనుచున్నారు. పలుకు మారలేదు, గుర్తు మారినది.

అట్లయినచో ఈ గట్లన్నియు మనుష్యులు తమ ఇచ్చ వచ్చినట్లు వేసికొన్నవేనా? కాదు. పీటర్ ఐమస్, ఆయన సహచరులు 1971 లో ప్రకటించిన పరిశోధనము ఇందుకు సాక్ష్యము. నెల, నాలుగు నెలల వయస్సు గల శిశువులకు యంత్రముతో చేసిన ధ్వనులు వినిపించి, వారు పీక చప్పరించు వేగములో మార్పును గమనించిరి. నాదారంభము 20 నుండి 40 మిల్లీసెకనులకు మారినపుడు, అనగా ఇంగ్లీషు పకార బకారముల గట్టు దాటినపుడు, శిశువులు ఆ మార్పును గుర్తించిరి. గట్టునకు ఒకే వైపున అంతే భేదము గల ధ్వనులను వినిపించినపుడు అట్లు గుర్తించినట్లు కనబడలేదు. 1975 లో కూల్, మిల్లర్ అను పరిశోధకులు చించిల్లా అను చిన్న జంతువునకు శిక్షణ యిచ్చి చూడగా, దాని చెవియు ఇంచుమించు అచటనే గట్టు వేసినది. కావున వినికిడియందే కొన్ని సహజమైన సందులున్నవి. ఏ సందును వాడుకొనవలెను, దేనిని విడిచిపెట్టవలెను అనునది మాత్రము ఆయా భాషల నిర్ణయము. తల్లి ఒడిలో కొన్ని నెలలు గడిచిన పిమ్మట బిడ్డ చెవి ఆ నిర్ణయమునకు క్రమముగా కట్టుబడును.

ఒకే భాషలోనైనను గట్టు కదలని రాతిగోడ కాదు. తల్లి, తండ్రి అను మాటలు కలిసి 'తల్లిదండ్రులు' అగుటయు, కూర, కాయ కలిసి 'కూరగాయ' అగుటయు తెలుగు విద్యార్థి గసడదవాదేశము పేర నేర్చునదే. అచ్చుల నడుమ నాదము తెగక సాగుట పరుషము సరళమగుటకు అనుకూలము. తమిళ లిపి ఈ రెంటికిని ఒకే అక్షరముతో సరిపెట్టుకొన్నది. సూత్రముగా వల్లించు వ్యాకరణమునకు వెనుక గొంతులోని ఒక కండర వ్యాపారము కలదని విద్యార్థికి తెలిసినచో, ఆ సూత్రము భారముగా తోపదు.

ఈ కొలబద్దకును పరిమితి కలదు. దానిని మొదట చూపినవియు భారతీయ భాషలే. హిందీ బకారము −85, భకారము −61. దంత్యములలో దకార ధకారములకు రెంటికిని సగటు −87. నాదము రెంటను ముందే మొదలైనది. భేదము విడుపు తరువాత వెలువడు ఊపిరితో కూడిన నాదములో నున్నది. ఒకే ప్రశ్న అడుగు కొలబద్దకు అది చిక్కదు. ఘ, ఢ, ధ, భలను వేరుపరచుటకు ఈ కొలత చాలదని లిస్కర్, ఎబ్రామ్సన్ తామే చెప్పిరి. ప్రాచీనులు నాదమును, ప్రాణమును వేర్వేరు ప్రశ్నలుగా నిలుపుట ఎంత అవసరమో దీనివలన స్పష్టమగుచున్నది. కొరియను భాషది మరియొక పాఠము. సియోలు యువతరము నోట రెండు తెగల స్పర్శములు నాదారంభకాలమున ఇంచుమించు ఒక్కటైపోయి, పిదప వచ్చు అచ్చు యొక్క స్థాయి భేదముచే, అనగా హెచ్చు తగ్గు శ్రుతిచే, గుర్తింపబడుచున్నవి. ఒక్క తరములోనే గట్టు ఒక పొలమునుండి మరియొక పొలమునకు జరిగినది.

ఇక 'దనము' అన్న బాలుని మాట. మహాప్రాణములు తెలుగు పలుకుబడికి సంస్కృతాదుల నుండి వచ్చినవి. 1858 లో వెలువడిన బాలవ్యాకరణమున చిన్నయసూరి తెలుగునకు ముప్పదియారు వర్ణములే చెప్పి, వత్తక్షరములను వాని వెలుపల ఉంచెను. నేటికిని పెక్కు ఇండ్ల వాడుకలో ద, ధలకును, బ, భలకును భేదము వినబడదు. అట్టి ఇంటినుండి వచ్చిన బాలుడు తెలుగును చెడగొట్టినవాడు కాడు. తెలుగు యొక్క పాతపొరను పలుకుచున్నవాడు. అతని నోట లేనిదానిని 'పోగొట్టినావు' అని గద్దించుట న్యాయము కాదు. లేనిదానిని క్రొత్తగా ఇచ్చుటయే ఉపాధ్యాయుని ధర్మము.

దీనిని విని, ఇక శుద్ధోచ్చారణమునకు విలువ లేదా, ఎవరి పలుకు వారిదే ప్రమాణమా అని కొందరు శంకింపవచ్చును. ఆ శంకకు తావులేదు. 'ధనము', 'దనము' ఒకటిగా పలికినవాడు వ్రాతలోను తడబడుట సంభవము. హైదరాబాదు వంటి నగరములలో విదేశీయులతో మాటలాడు కొలువులకై యువకులు పకార టకార కకారములలో ఊపిరి విసరుటను ప్రత్యేకముగా నేర్చుకొనవలసి వచ్చుచున్నది. ప్రమాణము అవసరమే. అవమానము అనవసరము. పొలిమేర ఎచటనున్నదో తెలియని బాటసారికి దారి చూపవలెను గాని, దాటినందుకు దండింపకూడదు గదా!

దారి చూపుటకు ఖర్చు లేదు. నోటికి ఎదురుగా ఒక సన్నని కాగితపు తునకను పట్టి, 'పాలు' అని పలికినచో అది అంతగా కదలదు. ఇంగ్లీషువాని 'పిన్' పలికినచో అది ఎగురవలెను. 'స్పిన్' అను మాటలో, సకారము తరువాత, ఇంగ్లీషువాడును ఊపిరి విసరక తెలుగు పకారమువంటి దానినే పలుకును. ఈ ఒక్క సంగతి చెప్పినచో, తమ పకారము ఇంగ్లీషునకు అంటరానిది కాదనియు, దానికి వేరొక తావున స్థానము కలదనియు విద్యార్థులు గ్రహింతురు. ఇచట ఒక జాగ్రత్త అవసరము. 'ఫ అని పలుకుడు' అని చెప్పినచో ఫలితము వికటించును. ఏలయన కాఫీ, ఫోను వంటి మాటల చలువ వలన నేటి తెలుగు నోట ఫకారము పెదవిని పంటికి చేర్చి ఊదు ధ్వనిగా మారినది. ఖకార ఠకారములతో ఊపిరి విసరుటను అలవరచి, అదే విసురును పకారమునకు తెచ్చుట మేలు. పెద్దలకైనను ఈ అలవాటు అసాధ్యము కాదు. బ్రెజిలు, అమెరికా దేశముల నడుమ రాకపోకలు చేయు ఒక వ్యక్తి పలుకును కొలిచి 1997 లో సాన్సియర్, ఫౌలర్ ప్రకటించిన పరిశోధనలో, కొన్ని నెలలు ఏ దేశమున నివసించినచో నాదారంభకాలము ఆ దేశపు వైపునకు కొంత ఒరుగుట కనబడెను.

కొలుచుటకు కూడ నేడు గొప్ప ప్రయోగశాల అక్కరలేదు. ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయమునకు చెందిన పాల్ బూర్స్మా, డేవిడ్ వేనింక్ రూపొందించిన 'ప్రాట్' అను కంప్యూటరు సాధనము ఉచితముగా లభించుచున్నది. చేతిఫోనులో పలుకును నమోదు చేసి, దానిని ఆ సాధనమున తెరచినచో, 1964 లో యంత్రము కాగితముపై గీసిన చిత్రమే తెరపై కనబడును. పాలు, బాలుడు, కాలు, గాలి, తల, దయ వంటి పది మాటలను పదిమంది విద్యార్థులచే మూడేసి మార్లు పలికించి, విడుపు గీతనుండి నాదపు గీతల వరకు గల కాలమును వారిచేతనే కొలిపింపవలెను. అంకెలను పట్టికగా వ్రాసి సగటు కట్టింపవలెను. తన పకారమే మూడు మార్లలో మూడు విధములుగా నుండుట చూచిన బాలుడు, తోటివాని పలుకును చూచి నవ్వుటకు ముందు ఒక క్షణము ఆగును. గణితము, విజ్ఞానము, వ్యాకరణము ఒకే బల్లపై కూర్చుండు పాఠములు పాఠశాలలలో అరుదు, ఇది అట్టిది. ఒక తరగతి అంకెలు తెలుగుభాష అంతటికిని అంకెలు కావని ఉపాధ్యాయుడు హెచ్చరించుట మాత్రము మరువరాదు.

లిస్కర్, ఎబ్రామ్సన్ కొలిచిన పదునొకండు భాషలలో తెలుగు లేదు. కోస్తా, రాయలసీమ, తెలంగాణముల పలుకుబడులను, తరతరములుగా తమిళనాట, కన్నడదేశమున స్థిరపడిన తెలుగువారి పలుకును ఇట్లు కొలిచి పోల్చుట తెలుగు విద్యార్థులు చేయదగిన పని. ఆ పనికి తొలిమెట్టు తరగతి గదియే. అచట ఒక బాలిక పకారము బకారముగా వినబడిన నాడు, ఉపాధ్యాయుడు అడుగవలసిన మొదటి ప్రశ్న 'ఎందుకు తప్పు పలికితివి?' అనునది కాదు. 'ఈమె గట్టు ఎచటనున్నది, వినువాని గట్టు ఎచటనున్నది?' అనునది. ఆ ప్రశ్న అడుగగల ఉపాధ్యాయుని తరగతిలో పలుకులు చక్కబడును. పలుకుటకు జంకు బిడ్డలు ఉండరు.